రెండో కోటు ఆరేదాకా

సైకిలు పంక్చరు వెయ్యడంలో నాకు పొగరు ఉండేది. నా భార్య దాన్ని పొగరనేది, నేను పనితనం అనేవాణ్ణి. బచేలిలో, ఇనుపరాయి గనిలో, బెల్టు సెక్షనులో ఇరవై ఎనిమిదేళ్లు చేసి రిటైరయ్యాను. కొండ మీద తవ్విన రాయి కిందికి దిగాలంటే కిలోమీటర్ల పొడుగున రబ్బరు బెల్టు తిరుగుతూనే ఉండాలి. అది చిరిగితే అతికించేవాళ్లం మేము. రబ్బరుకు రబ్బరు అతికించడమే వృత్తిగా బతికినవాడికి సైకిలు ట్యూబులో చిల్లు ఎంత? పెళ్లిళ్లకు వండే వంటమాస్టారును టీ పెట్టమన్నట్టే.

మా సెక్షనుకో పద్ధతి ఉండేది. చిరిగినచోట రబ్బరును గరుకురాయితో రుద్దాలి. నునుపు పోయి, వేలికి మఖమలు గుడ్డలా తగలాలి. ఆ పైన సొల్యూషన్ ఒక కోటు పూసి ఆరనివ్వాలి. ఆరాక రెండో కోటు. అదీ ఆరాలి. ఆరిందో లేదో వేలి వెనకవైపుతో చూడాలి, ఎందుకంటే వేలి ముందువైపు చెమట ఉంటుంది. అంటీ అంటనట్టుగా ఉన్నప్పుడు ప్యాచీ పెట్టి, ఇనప రోలరుతో మధ్యనుంచి అంచులకు దొర్లించాలి. తొందరపడ్డావా, జాయింటు విడిపోయి టన్నులకొద్దీ రాయి కొండవాలున పడుతుంది. నా పైవాడు పొద్దస్తమానం ఒకే ప్రశ్న అడిగేవాడు: "రెండో కోటు ఆరిందా?" ఆ తర్వాత నేను పైవాణ్ణయ్యాక నా కిందివాళ్లను అదే అడిగాను. నా చేతిమీదుగా వేసిన జాయింటు ఒక్కటీ విడిపోలేదు. రిటైరైన రోజు శాలువాతోపాటు ఒక సొల్యూషన్ డబ్బా, చిన్న రోలరు కూడా చేతిలో పెట్టి పంపారు. శాలువా ఎక్కడుందో నాకు తెలీదు.

ఇక ఈ ఊళ్ల సైకిలు షాపుల వాళ్లున్నారే, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ట్యూబు లాగడం, నాలుగు రుద్దులు, కాస్త సొల్యూషన్, నోటితో ఉఫ్‌మని ఊదడం, ప్యాచీ పెట్టి సుత్తితో రెండు పోట్లు. ఏడు నిమిషాలు. ఇదో పనా? నా సైకిలు నేను వాళ్ల చేతికి ఇవ్వలేదు. నా భార్య సైకిలూ ఇవ్వనివ్వలేదు.

నా భార్య సైకిలు నేర్చుకుంది యాభై ఒకటో ఏట. వాళ్ల నాన్నది విజయనగరం వైపు. కిరండూల్ లైను మీద రైల్వే గేటు దగ్గర గేట్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పుట్టి పెరిగింది ఆ గేటు పక్క క్వార్టరులోనే. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆవిడకు షుగరు బయటపడింది. ఆస్పత్రిలో డాక్టరు మాత్ర రాసి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. నడవండి, లేదా సైకిలు తొక్కండి, మంచిదే. కానీ ఈ మాత్ర వేసుకున్నాక తిండి వేళ తప్పకూడదు. చెమట పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా వెంటనే తీపి ఏదో ఒకటి నోట్లో పడాలి, ఆలస్యమైతే మనిషి దక్కదు. ఆ ఆఖరి మాట ఆవిడతో కాదు, నా మొహంలోకి చూసి రెండుసార్లు అన్నాడు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఆవిడకు ఒకే ఒక్క కోరిక పుట్టింది. గీదం దాకా సైకిలు తొక్కాలి. గీదంలో ఏముంది, నాలుగు రోడ్లు కలిసే సంత ఊరు. కానీ జగదల్‌పూర్ వెళ్లాలన్నా ఎక్కడికెళ్లాలన్నా బస్సు అక్కడ ఆగి తీరుతుంది, ఆగేలోపు ఆవిడకు వాంతి అయి తీరుతుంది. బస్సు పడదు. చిన్నప్పటినుంచీ ఆవిడ గీదాన్ని కిటికీలోంచి తల వేలాడేసే చూసింది.

"ఒక్కపాలైనా తిన్నగా నిలబడి సూడాలండి ఆ వూర్ని" అంది.

బచేలినుంచి గీదం నలభై కిలోమీటర్లకు పైమాటే. మూడు నెలలు క్వార్టర్ల వీధుల్లో, తర్వాత కిరండూల్ రోడ్డు మీద ఆవిడ సాధన చేసింది. నేను సంచి సర్దడం సాధన చేశాను. దూరం వెళ్లేటప్పుడు అన్నీ దగ్గర ఉండాలని నా సిద్ధాంతం. పంపు, పానాలు, టైరు లివర్లు, అయిదు సైజుల ప్యాచీలు, వాల్వు ట్యూబు, గరుకురాళ్లు రెండు, పరవడానికి గోనెపట్టా, నా సొల్యూషన్ డబ్బా, నా రోలరు. వీటితో పాటు షాపులో దొరికే బుల్లి సొల్యూషన్ ట్యూబు ఒకటి, ఎందుకైనా మంచిదని.

మార్చి నెల. పొద్దున్నే అయిదున్నరకు ఆవిడ మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నది. సంచిలో పెట్టమని నా చేతికి స్టీలు డబ్బా ఇచ్చింది. నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి ఉండలు, రెండు అరటిపళ్లు. ఆవిడ చెప్పులు వేసుకోవడానికి బయటికి వెళ్లింది. డబ్బా సంచిలో పట్టలేదు. రోలరు తీస్తే పట్టేది. రోలరు తియ్యలేదు. ఎలాగూ గీదంలో మన తెలుగువాళ్ల హోటలు ఉంది, పదికల్లా అక్కడుంటాం, వేడిగా తినొచ్చు కదా అనుకున్నాను. డబ్బాను వంటింట్లో నీళ్ల ఫిల్టరు వెనక్కి నెట్టి బయలుదేరాను.

చెప్పకపోవడమేం, ఆవిడ బాగా తొక్కింది. ఎర్రదుమ్ము రేపుకుంటూ లారీలు పోతుంటే పక్కకు దిగి, మళ్లీ ఎక్కి, ఎక్కడా మొహం చిట్లించకుండా తొక్కింది. అడవి అంచున ఇప్పచెట్ల కింద ఆకులు తగలబెట్టిన నల్లటి మచ్చలు, ఆ మచ్చల్లో తెల్లగా రాలిన పూలు, పూలేరుకుంటూ ఆడవాళ్లు. దంతెవాడ వచ్చేసరికి తొమ్మిదయింది. అనుకున్నదాని కంటే ఆలస్యం.

"ఇక్కడ ఆగి ఏదైనా తిందామేటండి?" అంది.

"ఆగితే కాళ్లు పట్టేస్తాయి. ఇంకెంత, గంటలో గీదం."

"పోన్లెండి, డబ్బా ఉంది కదా."

నేనేమీ అనలేదు. అనకపోవడం అబద్ధం కాదని ఆ పూట నాకు నేను చెప్పుకున్నాను.

దంతెవాడ దాటి ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్లామో లేదో ఆవిడ వెనక టైరు బుస్సుమంది. ముల్లు కాదు. ఈ రోడ్ల మీద ముల్లు కంటే పెద్ద శత్రువు లారీ టైరు. అది పేలినప్పుడు లోపలి సన్న ఇనుపతీగలు రోడ్డంతా రాలతాయి, కంటికి కనబడవు, సైకిలు టైరులోకి సూదిలా దిగుతాయి. షాపువాడైతే చిల్లు అతికించి పంపేస్తాడు, తీగ టైరులోనే ఉండి పది అడుగుల్లో మళ్లీ పొడుస్తుంది. నేను టైరు లోపలంతా వేలితో తడిమి తీగ పట్టుకుని పీకాను. "చూశావా?" అని ఆవిడకు చూపించాను కూడా. నాకు సంతోషంగా ఉంది. ఇన్నాళ్లకు సంచి విప్పే సందర్భం దొరికింది.

గోనెపట్టా పరిచి సామానంతా వరసగా పేర్చాను. ఆవిడ పక్కనే కిలోమీటరు రాయి మీద కూర్చుంది. చెట్టు నీడ ఉంది గానీ సగమే.

"ఏవండీ, డబ్బా ఇలా ఇయ్యండి. ఆకలేస్తంది."

నేను సంచిలో చెయ్యి పెట్టి వెతికినట్టు నటించాను. "మర్చిపోయినట్టున్నానే" అన్నాను. "ఎంతసేపు, ఇట్టే అయిపోద్ది."

ఆవిడ నావైపు చూసి, "సరెలెండి" అని నీళ్లు తాగింది.

రుద్దాను. మఖమలు అయ్యేదాకా రుద్దాను. మొదటి కోటు పూశాను. ఎండకు త్వరగానే ఆరింది, అయినా నా లెక్క ప్రకారం ఆగాను. రెండో కోటు పూశాను.

"ఎంతసేపండి ఇంకా? నాకేటో నీరసంగా ఉంది."

"ఉండవే, తొందరపడితే ఊడిపోద్ది. రెండో కోటు ఆరాలి."

"ఆలీసెం అమురుతం విషం అంటారండి."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు."

ఈ మాటకు ఆవిడ నవ్వాలి. ముప్ఫై ఏళ్లుగా సామెతకు సామెత మాకు అలవాటే. నవ్వలేదు. నేను ట్యూబు మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాను కాబట్టి అది నాకు పట్టలేదు. కాసేపటికి ఆవిడ అంది:

"గేటు వేసీరా?"

"ఏ గేటే?"

"బండొచ్చీస్తంది. గేటెయ్యమను నాన్నని."

నాకు చిర్రెత్తింది. ఆలస్యం చేస్తున్నానని దెప్పుతోందనుకున్నాను. "గేటూ లేదు గీటూ లేదు, వేళాకోళాలు చాలు" అంటూ తలెత్తాను. ఆవిడ మొహం తడిసి ముద్దయి ఉంది. జుట్టు కుదుళ్లలోంచి చెమట కారుతోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది గానీ ఆ చేతులు వాటి మానాన అవి వణుకుతున్నాయి. నన్ను చూస్తోంది, నన్ను గుర్తుపట్టడం లేదు.

డాక్టరు చెప్పిన మూడూ ఉన్నాయి. చెమట, వణుకు, మాట. నేను లేచి సంచి తిరగేసి దులిపాను. వాల్వు ట్యూబు ముక్కలు రాలాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని, పంక్చరు వెయ్యడానికి లోకంలో ఉన్న సామానంతా నా గోనెపట్టా మీద ఉంది, చెంచాడు పంచదార లేదు. ఆవిడను రాయి మీంచి దింపి చెట్టుకు ఆనించాను. రోడ్డు మధ్యకు వెళ్లి చేతులూపాను. ఒక లారీ హారను కొట్టి పక్కనుంచి తప్పుకుని పోయింది. రెండోదీ అంతే. ఫోను తీస్తే వేళ్లకున్న సొల్యూషన్‌కు అద్దం మీద దుమ్ము అంటుకుని ఏ నంబరూ పడలేదు. నాకు భయం వేసింది. గనిలో ప్రమాదాలు చూసినవాణ్ణి, అలాంటి భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఎందుకంటే దీనికి కారణం ఎవరో నాకు తెలుసు.

అడవివైపు నుంచి ఒకామె తలమీద గంపతో రోడ్డెక్కింది. నా వయసే ఉంటుంది. పూలేరుకుని ఇంటికి పోతోంది. నన్ను, చెట్టు కింద మనిషిని చూసి ఆగి, "కాయ్ హోలీ?" అంది. ఏమైందని ఇక్కడి హల్బీ భాషలో అడుగుతోంది. నేను హిందీలో షుగరు, మాత్ర, డాక్టరు అని ఏదేదో వాగాను. ఆమె అదంతా వినలేదు.

"కుఛ్ ఖాయీ హై?" అంది. ఏమైనా తిన్నదా అని.

లేదన్నాను.

ఆమె గంప దించింది. గంప నిండా ఇప్పపూలు, ఆ పొద్దున్న రాలినవే, లావుగా, రసంతో, మసి అంటుకుని. మా క్వార్టర్లలో ఇప్పపువ్వంటే సారా అనే తెలుసు. ఇన్నేళ్లు ఈ చెట్ల మధ్య బతికి ఒక్క పువ్వు నోట్లో వేసుకుని ఎరగను. ఆమె గుప్పెడు తీసి పైట కొంగుకు మసి తుడిచి, ముందు రెండు పూలు పిండి రసం నా భార్య పెదాల లోపల రాసింది. ఆవిడ చప్పరించింది. మింగగలదని చూసుకుని ఆమె ఒక్కో పువ్వే పెట్టింది. నా భార్య మొదట తల తిప్పేసింది. ఆమె గడ్డం పట్టుకుని, చంటిపిల్లకు పెట్టినట్టు, ఏదో తనలో తాను మాట్లాడుకుంటూ, నమిలించింది. నేను పక్కన నిలబడి ఉన్నాను. నేను చెయ్యగలిగిందేమీ లేదు.

ఎన్ని పూలు తిన్నదో, ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చెమట ఆగింది. తర్వాత చేతులు ఆగాయి. ఆ తర్వాత నా భార్య ఆమె మొహం చూసి, నా మొహం చూసి, "ఎక్కడున్నామండి?" అంది. నేను చెప్పాను. ఇంకో నాలుగు పూలు తనే తీసుకుని తిన్నది.

ఆమె ఇంకాసేపు కూర్చుంది. కూర్చుని నా గోనెపట్టాకేసి చూసింది. పానాలు, రాళ్లు, వరసగా ప్యాచీలు, తళతళలాడే రోలరు.

"ఇత్నా సామాన్ లాయా" అంది. ఇంత సామాను తెచ్చావు. "ఖానే కా నహీ లాయా?"

కోపంగా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. తినేది తేలేదా అంటే ఏం చెప్తాను, తేలేదంటానా, ఇచ్చింది ఇంట్లో వదిలేశానంటానా? ఆమె నా భార్య చున్నీ చివర గుప్పెడు పూలు పోసి ముడివేసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. దండం పెట్టాలని ఆమె మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

నేను వచ్చి నా భార్య పక్కన నేలమీద కూలబడ్డాను. ఆవిడ సైకిలుకేసి చూసింది. చక్రం విప్పి ఉంది, ట్యూబు గోనెపట్టా మీద మెలికలు తిరిగి ఉంది.

"ఏవండీ" అంది. గొంతు ఇంకా నీరసంగానే ఉంది. "రెండో కోటు ఆరిపోనాదా?"

ఇరవై ఎనిమిదేళ్లు ఛాతీ విరుచుకుని జవాబు చెప్పిన, అడిగిన ప్రశ్న అది. ఏడుపొచ్చింది. రోడ్డు మీద లారీలు పోతుంటే ఏడ్చాను, ఆవిడ చున్నీ ముడి విప్పి నాకూ ఒక పువ్వు ఇచ్చింది. తియ్యగా ఉంది, కొంచెం వాసన.

రెండో కోటు ఎప్పుడో ఆరిపోయింది, ఎండిపోయింది. దానిమీద ఎర్రదుమ్ము పేరుకుని ప్యాచీ పెట్టడానికి పనికిరాకుండా పోయింది. దాన్ని తుడిచి, బుల్లి ట్యూబులోంచి ఒకే కోటు పూసి, నోటితో ఉఫ్‌మని ఊది, ప్యాచీ పెట్టి బొటనవేలితో నొక్కాను. ఏడు నిమిషాలు పట్టలేదు. ఆ ప్యాచీ ఇవాళ్టికీ ఊడలేదు.

సైకిళ్లు నడిపించుకుంటూ నెమ్మదిగా ముందు ఊళ్లో కొట్టు దాకా వెళ్లాం. ఆవిడ బిస్కెట్లు, టీ తీసుకుని గంటసేపు కూర్చుంది. ఏదో ఒక బండి ఎక్కిస్తానన్నాను. "బండెక్కితే వాంతవుద్ది, సైకిలే" అంది. మిగిలిన దూరం ఆవిడ ముందు, నేను వెనక. గీదం చేరాక ఆవిడ చౌరస్తాలో సైకిలు దిగి, హేండిలు పట్టుకుని, నాలుగువైపులా తిరిగి చూసింది. "ఇంతేనా?" అంది. ఆ తర్వాత హోటల్లో పూరీలు తిన్నాం. తిరుగు ప్రయాణం బస్సు టాపు మీద సైకిళ్లు, లోపల ఆవిడ, తల కిటికీ బయట, ఎప్పటిలాగే.

ఇంటికి వచ్చాక ఆవిడ మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లింది. నేను గుమ్మంలో సంచి దింపుతున్నాను. తర్వాత అక్కడినుంచే అడిగింది:

"మర్సిపోయిన డబ్బా ఫిల్టరెనక్కి ఎలా ఎల్లిందండి?"

అబద్ధం ఆడొచ్చు. ఆ రోజుకు ఒకటి ఆడేశాను, రెండోదానికి నోరు రాలేదు. "పట్టలేదు. రోలరు తియ్యడం ఇష్టంలేక తీసేశాను" అన్నాను.

ఆవిడ డబ్బా మూత తీసింది. చీమలు పట్టి ఉన్నాయి. సింకు దగ్గర కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"సచ్చిపోదును కదండి" అంది. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది. నన్ను తిట్టలేదు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. డాక్టరుకు జరిగింది చెప్పినప్పుడు కూడా డబ్బా సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆవిడ ఇప్పటికీ తొక్కుతోంది. సంచి ఆవిడే సర్దుతుంది. రోలరు బీరువాలో ఉంది. మొన్న కిరండూల్ రోడ్డు మీద నా టైరుకే తీగ దిగింది. నేను సైకిలు తిరగేసి పెట్టి, సంచి విప్పి, ముందు డబ్బా తీసి ఆవిడ చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"ఏటలా నిలబడ్డారు? పని కానియ్యండి, నేను తింటన్నాను కదా."

"నువ్వు తినవే ముందు" అన్నాను. "టైరెక్కడికీ పోదు."

ఆవిడ చిమ్మిలి ఉండ పూర్తిగా తినేదాకా చూసి, అప్పుడు పానా అందుకున్నాను.